దివాలా యర్జీ: ఋణగ్రస్తు డెరుగవలసిన సంగతులు

(పట్టణ పఠనమందిరమున మేము చదివిన యుపన్యాసమును, ఆనాడు రాలేకపోయినవారి కోరికపై నిచట ప్రకటించుచున్నాము.)



"వాడు ఐ.పి. పెట్టినాడు" అను మాట వినబడని యూరు మన తెలుగు జిల్లాలలో లేదు. ఇన్సాల్వెన్సీ పిటీషను అను దీర్ఘమైన యింగ్లీషు మాటను మన జనులు రెండక్షరములకు కుదించుకొని, దానికి తమకు తోచిన యర్థమును గూడ కల్పించుకొన్నారు. అప్పిచ్చినవాని నోట నా మాటకు "ముంచినాడు" అని యర్థము. అప్పు పడినవాని చెవికి "ఇక నీయవలసిన పని లేదు" అని యర్థము. ఈ రెండును పొరపాటు లే. ఒక పొరపాటు వలన నిజాయితీ గల ఋణగ్రస్తుడు కోర్టు గడప త్రొక్కుటకు సిగ్గుపడి, రాత్రికి రాత్రి యూరు విడిచిపోవుచున్నాడు. కొందరు ప్రాణములనే విడుచుచున్నారు. రెండవ పొరపాటు వలన, అర్జీ పెట్టినవాడు సగము దారిలో నిలిచిపోయి, తీరినదనుకొన్న యప్పు మరల తన వాకిట నిలుచుటను జూచి నిర్ఘాంతపోవుచున్నాడు. ఈ దినమున మేము చెప్పదలచినది ముఖ్యముగా నీ రెండవదానిని గూర్చియే.

మొదట చట్టమును జూతము. మన జిల్లా కోర్టులలో నేటికిని నడచుచున్నది 1920 వ సంవత్సరపు ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టు. చెన్నపట్టణము, బొంబాయి, కలకత్తా నగరములకు మాత్రము 1909 నాటి వేరొక చట్టము గలదు. పరప్రభుత్వపు దినములలో పుట్టిన చట్టమైనను, ఇందలి న్యాయము హేయమైనది కాదు. అప్పు తీర్చలేనివాడు తనకున్న దంతయు కోర్టువారి చేతులలో పెట్టవలెను. కోర్టు దానిని అప్పులవారి కందరకు వారి వారి బాకీల ప్రమాణమున పంచిపెట్టును. పిదప, అతని నడవడి సరియైనదని తేలినచో, మిగిలిన బాకీనుండి యతనిని విడిపించును. ఈ మూడు మెట్లలో మొదటిది యర్జీ, రెండవది దివాలాదారుడని తీర్పు, మూడవది విమోచనము. విమోచనమును కోర్టులలో "డిశ్చార్జి" యందురు. అప్పు పోవునది ఈ మూడవ మెట్టున మాత్రమే.

అర్జీ పెట్టుట కెవ్వరికి హక్కు గలదు? అప్పులు తీర్చలేని స్థితిలో నుండి, బాకీల మొత్తము 500 రూపాయలున్నను చాలును. ఈ 500 రూపాయలు 1920 నాటి లెక్క. నేడు రెండు పూటల కాయగూరలకు సరిపోవుట కష్టము. డబ్బు డిక్రీ క్రింద అరెస్టయి యున్నవాడును, ఆస్తి జప్తులో నున్నవాడును గూడ పెట్టవచ్చును. ఋణదాతయు పెట్టవచ్చును, కాని దానికి ఋణగ్రస్తుడు మూడు నెలల లోపల "దివాలా చర్య" యొకటి చేసి యుండవలెను. అప్పులవారికి దొరకకుండ ఇల్లు విడిచి పోవుట, ఇంటిలో దాగియుండుట, ఆస్తిని మరుగుపరచుట కన్యులకు వ్రాసియిచ్చుట, ఇవన్నియు దివాలా చర్యలే. పరువు కొరకు రాత్రివేళ పారిపోవువా డెరుగడు గాని, అతడు పారిపోవుటయే అతనిపై అర్జీకి దారి చేయుచున్నది.

అర్జీలో వ్రాయవలసినది రెండు పట్టికలు. ఒకటి, ఎవరెవరికి ఎంతెంత బాకీయో వారి పేర్లు, నివాసములతో. రెండవది, తనకున్న యాస్తి యంతయు, దాని విలువతో, అది యుండు చోటుతో. వర్తకుడైనచో లెక్కపుస్తకములను గూడ అప్పగించవలెను. ఇచట మన వారికి వచ్చు దుర్బుద్ధి యొకటి గలదు. బావమరది కీయవలసినది వ్రాయరు, భార్య పేర నున్న స్థలమును ప్రస్తావింపరు, నగలు పుట్టింటికి చేరును. చట్టము దీనిని ముందే యూహించినది. విలువ పుచ్చుకొనకుండ ఇతరులకు వ్రాసియిచ్చిన యాస్తి, వ్రాసిన రెండేండ్ల లోపల దివాలా యర్జీ పడి దివాలా తీర్పయినచో, రిసీవరు కోరిన మీదట చెల్లకుండ పోవును. అర్జీకి ముందు మూడు నెలల లోపల ఒక్క ఋణదాతను మాత్రము మెప్పించుటకై చేసిన చెల్లింపును గూడ త్రిప్పివేయవచ్చును. దాచినట్లు రుజువైనచో ఏడాది వరకు ఖైదు గలదు. అన్నిటికంటె విమోచనము దుర్లభమగును. కావున వకీలు గుమాస్తాయో, సందు చివరి మధ్యవర్తియో "ముందు ఆస్తి మార్పించి, తరువాత ఐ.పి. పెట్టుదము" అని చెప్పినచో, అట్టివాని మాట వినరాదు.

అర్జీ పడిన వెంటనే అన్నియు నాగిపోవునని యొక నమ్మకము గలదు. అది సరికాదు. కోర్టు తాఖీదులు పంపి అప్పులవారిని వినవలెను. దివాలా తీర్పు వచ్చిన పిదపనే ఋణగ్రస్తుని యాస్తి రిసీవరు వశమగును, అటుపై సామాన్య ఋణదాతలు కోర్టు సెలవు లేక దావాలు వేయరాదు. అరెస్టునుండి రక్షణ కూడ అడిగి తెచ్చుకొనవలసినదే. ఇల్లు తాకట్టు పెట్టించుకొన్న బ్యాంకువారి హక్కున కీ చట్టమువలన భంగము లేదు. వారు తమ తాకట్టును తాము చూచుకొందురు.

ఒక లెక్క వేసి చూతము. ఊహించిన లెక్కయే సుమీ. ఒక బట్టల వర్తకుడు ఇల్లు తాకట్టుపై బ్యాంకునకు 6 లక్షలు, చీటీ కంపెనీకి 3 లక్షలు, ప్రామిసరీ నోట్లపై పదిమందికి 9 లక్షలు బాకీ పడినాడు. ఇల్లు 8 లక్షలు చేయును; అంగటిలోని సరకు 2 లక్షలు. ఇల్లు అమ్మగా బ్యాంకు తన 6 లక్షలు తీసికొనును, 2 లక్షలు మిగులును. సరకుతో గలిపి 4 లక్షలు. తాకట్టు లేని బాకీలు 12 లక్షలు. రిసీవరు ఖర్చుల నటుంచి చూచినచో, రూపాయికి 33 పైసలు. నోటుపై 3 లక్షలిచ్చిన యొక వితంతువునకు లక్ష వచ్చును; బంధువైన వడ్డీవ్యాపారికిని అదే పాలు. కోర్టు లేనిచో ఎవరు మొదట తలుపు తట్టి, ఎవరు గట్టిగ కేకలు వేసిరో వారికే పైకము పోయెడిది. దివాలా చట్టము ఋణగ్రస్తునికే యుపకారియని తలచువారు, ఆ వితంతువును గూడ జ్ఞప్తి యందుంచుకొందురు గాక.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. రూపాయికి అర్ధ రూపాయియైన పంచలేని దివాలాదారునికి కోర్టు సంపూర్ణ విమోచనము నీయరాదని చట్టమున నున్నది. కాని, ఆ లోటు తన తప్పిదమువలన గాక, తనకు బాధ్యత లేని కారణములచే వచ్చినదని ఋజువు చేసినచో నీయవచ్చును. అగ్నిప్రమాదము, వరద, ఇంటి యజమాని దీర్ఘవ్యాధి ఇట్టివి. పై వర్తకుడు 33 పైసలే యీయగలిగెను గనుక, తన యంగడి ఎందుకు చితికినదో చెప్పగలుగుట అతనికి ప్రాణప్రదము. మూడేండ్ల లెక్కలు వ్రాయనివాడు, తీర్చు నాశ లేక క్రొత్త యప్పులు చేసినవాడు, జూదములో, గ్రుడ్డి సట్టాలో, దుబారాలో పోగొట్టుకొన్నవాడు, మునుపే యొకమారు దివాలా తీసినవాడు, వీరికిని సంపూర్ణ విమోచనము లేదు. అట్టివారికి కోర్టు కొంతకాలము నిలిపియుంచి గాని, ముందు సంపాదనలో నింత కట్టవలెనని షరతు పెట్టి గాని విమోచనము నీయవచ్చును. చిట్టా, ఆవర్జా, బిల్లుల కట్టలు, ఆస్పత్రి రసీదులు, నేడు చేతిఫోనులో నిలిచియుండు చెల్లింపుల జాబితా, వీనిని పారవేయక దాచుకొనుడని మేము మరీ మరీ చెప్పుట కిదియే కారణము.

దివాలా తీర్పులోనే, ఫలానా గడువులోపల విమోచనమునకు దరఖాస్తు పెట్టుకొనవలెనని కోర్టు వ్రాయును. ఆ పంక్తిని మనవారిలో చదువువారు తక్కువ. కొంతకాలము క్రింద నొక పెద్దమనిషి మా కార్యాలయమునకు వచ్చి, తీర్పు నకలును పట్టుసంచిలోనుండి తీసి, "అయ్యా, నా యప్పులు కోర్టులో కొట్టివేసినారు, మరల వారంటు వచ్చినదేమి?" అని యడిగెను. మేము నకలు చూచితిమి. గడువు స్పష్టముగ నున్నది. అది దాటి చాలకాలమైనది. "ఈ దరఖాస్తు పెట్టితిరా?" యనగా, "అది యేమి దరఖాస్తు? మా వకీలుగారు చెప్పలేదే!" యనెను. గడువులో దరఖాస్తు పడనిచో దివాలా తీర్పు రద్దగును. అప్పులవారి హక్కులు మరల లేచివచ్చును. కోర్టు సెలవు లేక రెండవమారు అర్జీ పెట్టుటకును వీలుండదు. ఆయన యంగడిని పోగొట్టుకొన్నాడు, పరువు పోయినదని కుమిలినాడు, తీరా ఫలము చేతికి వచ్చు వేళ ఒక కాగితము పెట్టకపోయినాడు. వకీలుగారిని నిందించుట సులభమే. ఆయన ఫీజు అర్జీతో సరి యని తలచి యుండును. కాని నకలు తన సంచిలోనే యుండెను గదా.

విమోచనము కానంతవరకు దివాలాదారుని స్థితి ఇరుకైనది. తీర్పు పిదప సంపాదించిన యాస్తియు రిసీవరుకే చెందును. స్థానిక సంస్థల పదవులకు పనికిరాడు. తాను దివాలాదారుడనని చెప్పక యెవరివద్దనైనను 50 రూపాయల యప్పు తెచ్చినచో ఆరు నెలల వరకు ఖైదు గలదు. ఏబది రూపాయలు! నేడు కాఫీ హోటలులో నిద్దరు కూర్చున్నచో ఖాతా వ్రాయించుకొనదగిన మొత్తమది. చట్టసభలు నూరేండ్లుగా నీ యంకెను మార్చకుండుట మాకు వింతగా నున్నది.

విమోచనము వచ్చినను పోనివి కొన్ని గలవు. ప్రభుత్వమునకు రావలసిన బాకీ పోదు. మోసముచే తెచ్చిన యప్పు పోదు. భార్యాబిడ్డలకు మనోవర్తి క్రింద కోర్టు విధించినది పోదు. చెల్లని చెక్కు విషయమున నడచు క్రిమినలు కేసును దివాలా యర్జీ యాపజాలదు. వీనికంటె నెక్కువగ మన పట్టణములలో కొంపలు తీయుచున్నది పూచీ. ఋణగ్రస్తుడు విమోచనము పొందినను అతని పూచీదారుడు విడుదల కాడు. పై లెక్కలో చీటీ కంపెనీకి లక్ష వచ్చినదనుకొందము. మిగిలిన 2 లక్షలకు వారు జామీను సంతకము చేసిన బడిపంతులుగారి జీతముపై పోవుదురు. స్నేహధర్మమని సంతకము చేయు వారు, ఆ సంతకము తమ యప్పేయని తెలిసి చేయవలెను.

ఇన్ని చిక్కులున్నవి గనుక, ప్రతి ఋణగ్రస్తునికిని ఐ.పి. యే మందు కాదు. కొందరికి అసలు అవసరమే లేదు. నెలజీతగానిని తీసికొనుడు. సామాన్యమైన డబ్బు డిక్రీ క్రింద జీతములో మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును జప్తు కావు. భత్యములు గాక 31,000 రూపాయలు వచ్చువానికి నెలకు 10,000 మించి పట్టుటకు వీలులేదు. ఒకే డిక్రీ క్రింద మొత్తము 24 నెలలు పట్టిన పిదప ఆ డిక్రీకి జీతముపై నిక హక్కు లేదు. ఇంటిలోని వంటపాత్రలు, పరుపులు, కట్టుబట్టలు, ఆచారముచే స్త్రీ తీయరాని మంగళసూత్రము, పనివాని పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, విత్తనములు, రైతు కాపురముండు ఇల్లు, ప్రావిడెంటు ఫండు, జీవితభీమా సొమ్ము, వీనిని జప్తు చేయరాదు. దివాలాలోను ఇవి రిసీవరుకు పోవు. వర్తకుని ఇంటి కా రక్షణ లేదని పై లెక్కలో చూచితిరి గదా.

జైలు భయమును గూర్చి రెండు మాటలు. బాకీదారుని డిక్రీపై సివిలు జైలునకు పంపుటకు, అతనికి చెల్లించు స్తోమత యుండియు చెల్లింపకున్నాడనియో, ఆస్తిని మరుగుపరచినాడనియో కోర్టునకు తోపవలెను. వట్టి పేదరికము నేరము కాదని 1980 లో జస్టిస్ కృష్ణయ్యరుగారు సుప్రీంకోర్టు తీర్పులో తేల్చిరి. డబ్బు డిక్రీ క్రింద స్త్రీని అరెస్టు చేయనే కూడదు. డిక్రీ 2,000 రూపాయలకు మించనిచో జైలు లేదు. 5,000 మించినదైనను గరిష్ఠము మూడు నెలలు. జైలులో నున్నంత మాత్రమున అప్పు తీరదు గూడ. "రేపు పోలీసులు వత్తురు" అని ఫోనులో బెదిరించు వసూలుదారుల మాటల కీ లెక్క తెలిసినవారు అంతగా వణకరు. ఉదయము 8 గంటలకు ముందుగాని, సాయంకాలము 7 గంటల తరువాతగాని అట్టి ఫోనులు చేయించరాదని రిజర్వుబ్యాంకు 2022 ఆగస్టులో బ్యాంకులకును, ఆర్థిక కంపెనీలకును ఆజ్ఞ యిచ్చినది. చిన్న ఋణముల వసూలు పేరిట జరిగిన దౌర్జన్యములును, అందువలని ఆత్మహత్యలును 2010 లో మన రాష్ట్రమును కదిలింపగా, ఆ యేడే యార్డినెన్సు, మరుసటి యేట చట్టము వచ్చుట మీలో పలువు రెరుగుదురు. నేడు ఇంటిగడప త్రొక్కు మనిషికి బదులు ఋణపు యాప్ వచ్చి, ఫోనులోని బంధువులందరికి సందేశములు పంపుచున్నది. మందు మారలేదు: భయపడి యింకొక యప్పు చేసి దీనిని తీర్చరాదు, ఫిర్యాదు చేయవలెను, ఇంటివారికి చెప్పవలెను. ముఖ్యముగా ఇంటివారికి.

రాజీ మార్గమును మరువరాదు. లోక్ అదాలతులో కుదిరిన రాజీకి అప్పీలు లేదు. చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. అయితే ఆ రాజీ డిక్రీతో సమానము గనుక, కట్టగలిగిన వాయిదాలకే సంతకము చేయవలెను. ఆవేశములో పెద్దమాట యిచ్చి వచ్చినవారు పిదప కష్టపడుదురు. దివాలా కోర్టులోనే గూడ రాజీ కలదు: హాజరైన ఋణదాతలలో సంఖ్యలో నెక్కువమంది, బాకీ విలువలో మూడు వంతులవారు సమ్మతించినచో, కోర్టు పరిశీలించి ఆమోదించిన యేర్పాటు అందరిని కట్టివేయును. పైన చెప్పిన వర్తకునికి కొడుకు సంపాదనపరుడై, రూపాయికి 60 పైసలు మూడేండ్లలో కట్టగలిగినచో, ఈ మార్గమే శ్రేష్ఠము. వకీలును పెట్టుకొను శక్తి లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవలెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే అచట ఉచిత సహాయము గలదు. ఫోను సంఖ్య 15100.

ప్రామిసరీ నోటుపై దావాకు మూడేండ్ల గడువని యందరు నెరుగుదురు. గడువులోపల నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసిన, ఆనాటినుండి మరల మూడేండ్లు నడచునని మాత్రము కొందరెరుగరు. నూరు రూపాయలు చెల్లు వేయించుకొనుటకై గుమాస్తా నాలుగు మైళ్లు వచ్చుట మీపై ప్రేమచే గాదు. అయినను, గడువు దాటినదని మిత్రుని సొమ్ము నెగవేయుమని మేము చెప్పుచున్నామని యెవ్వరు ననుకొనరాదు; కాలము దాటినది కోర్టుకే గాని స్నేహమునకు గాదు.

కడపట, స్వరాజ్యము వచ్చిన పిదప మన పార్లమెంటు చేసిన చట్టము సంగతి. 2016 లో దివాలా స్మృతి వచ్చినది. దాని మూడవ భాగము వ్యక్తుల కొరకే వ్రాయబడినది. అందులో సంవత్సరాదాయము 60,000 రూపాయలు, ఆస్తి 20,000, అర్హమైన బాకీలు 35,000 మించక, సొంత ఇల్లు లేని నిరుపేదకు అప్పులు తుడిచివేసి క్రొత్త జీవితమునకు దారి యిచ్చు నేర్పాటు గలదు. ఇతరులకు 180 దినములు అప్పులవారి నాపి, చెల్లింపు పథకమునకు విలువలో మూడు వంతులకు మించిన ఋణదాతల యామోదము తెచ్చుకొను నేర్పాటును గలదు. విచారణ ఋణవసూలు ట్రిబ్యునలులో. 1909, 1920 చట్టములను రద్దుచేయు విధియు నా స్మృతిలోనే యున్నది. 2019 డిసెంబరు 1 న నీ భాగము నమలులోనికి వచ్చినది, ఎవరికి? కంపెనీల యప్పులకు సొంత పూచీ యిచ్చిన వారికి మాత్రము. వారిలో కొందరు దానిని ప్రశ్నింపగా, 2023 నవంబరు 9 న సుప్రీంకోర్టు ఆ విధులు చెల్లునని చెప్పినది. కోట్ల పూచీదారులను గూర్చి ఇంత విచారణ జరిగినది. 35,000 రూపాయల బాకీకి నిద్ర లేనివాని కొరకు వ్రాసిన విధులు మాత్రము మేమీ మాటలు వ్రాయునాటికి పుస్తకములోనే యున్నవి. వాని నమలులో పెట్టుటకు క్రొత్త చట్టము చేయనక్కర లేదు. కేంద్ర ప్రభుత్వపు గెజిటులో నొక్క ప్రకటన చాలును.